మా అమ్మ బియ్యం, మేస్త్రీ తూము

ఆ తాటిమొద్దు ఇప్పుడు మా మెట్ల కింద ఉంది. తామ్వేలో మేముండే మేడలో మెట్ల కింద జాగా అందరిదీను, అందుకని అందరూ వచ్చి నాతో తగువు పడ్డారు. రెండో అంతస్తు ఆయన తన సైకిలు పెట్టుకునే చోటు పోయిందన్నాడు. కింది వాటాలో మొహింగా, అంటే చేపపులుసు పోసిన సేమ్యా, వండి అమ్మే డా తాన్, దాని తొర్రలోంచి తేళ్ళు వస్తాయంది. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది మొద్దు. నల్లగా ఉంటుంది, లోపలంతా తొలిచి ఉంటుంది, ఒక చివర చెక్క పలక వేలాడుతూ ఉంటుంది. పొయ్యిలోకి పనికిరాదు, కూర్చోడానికీ పనికిరాదు. "మరెందుకు డా ఖిన్, ఈ వయసులో ఈ బరువు?" అని డా తాన్ అడిగింది. ఇక్కడ నన్ను బర్మా పేరుతోనే పిలుస్తారు. రత్నం అని పిలిచేవాళ్ళు కొద్దిమందే మిగిలారు, వాళ్ళలో సగం మందితో నాకు మాటల్లేవు. ఇది మా అమ్మ తరఫు సాక్షి అని చెప్పాను. సాక్షిని ఎవరైనా ఎండకీ వానకీ వదిలేస్తారా? డా తాన్‌కి అర్థం కాలేదు. అర్థం కావలసినవాళ్ళకి అర్థమైంది, అందుకే మొన్నమొన్నటిదాకా వాళ్ళెవరూ మా మెట్లెక్కలేదు.

తామ్వే దాటి పోటుకాలువ వైపు వెళితే మావాళ్ళ తూటికూర చెరువు ఉండేది. బర్మావాళ్ళు ఆ కూరని గజూన్ అంటారు. ఈ ఊళ్ళో అది లేని పూట ఉండదు. వెల్లుల్లి వేసి వేయిస్తారు, పులుసులో వేస్తారు, పచ్చిదే ఙపిలో, ఆ ఊరేసిన చేపముద్దలో, ముంచుకుని తింటారు. సగం పట్నానికి ఆ కూర మావాళ్ళ చెరువులోంచే వెళ్ళిన కాలం ఒకటుంది. ఈ ఏడు ఎండలకి దాన్ని పూడుస్తున్నారు, మేడలు కట్టడానికి. చెరువు పోతోంది కాబట్టి జ్ఞాపకంగా ఒక పాలరాతి పలక చేయించాలని మింగళ తౌంగ్‌న్యున్‌లోని మా అమ్మవారి గుడి కమిటీకి బుద్ధి పుట్టింది. కమిటీ పెద్ద సూరి. చెరువు కట్టించిన మేస్త్రీ పోలినాయుడి మనవడు. నన్ను అత్తా అంటాడు. పలక మీద చెక్కించబోయే మాటల్ని గుడి హాల్లో మైకులో చదివి వినిపించాడు: "అమ్మవారి దయతో, మేస్త్రీ పోలినాయుడుగారి పూనికతో ఈ చెరువు ఏర్పడినది. మొదటి ఏడు జరిగిన అపచారమునకు అమ్మవారు ఆగ్రహించగా పైరు నశించెను. శాంతి జరిపిన పిమ్మట చెరువు నిలిచెను."

ఆ అపచారం మా అమ్మ.

నేను లేచి నిలబడ్డాను. వెనక వరసలో కూర్చోబెట్టారు నన్ను, ఎప్పుడూ అక్కడే కూర్చోబెడతారు, ఫ్యాను గాలి తగలని మూల. "సూరీ, ఆ ముక్క తప్పు. పైరు పోయింది తూము వల్ల" అన్నాను. మైకు టక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందనుకోవడానికి లేదు, నెత్తి మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. "టీ ఒచ్చింది, టీ తాగి మాటాడుకుందుం అత్తా" అన్నాడు సూరి. టీ తెచ్చి ఇచ్చిన అమ్మాయి నా కప్పులో పంచదార వేయడం మరిచిపోయింది. మరిచిపోయిందో, వేయవద్దన్నారో. నేను ఆ కప్పు అలాగే కిటికీలో పెట్టి వచ్చేశాను. అప్పటినుంచి మా అమ్మ ఉదయాలు నా కళ్ళ ముందునుంచి కదలడం లేదు.

మాది ఉప్పుమళ్ళవాళ్ళ వంశం. మా తాతలు శ్రీకాకుళం సముద్రం ఒడ్డున ఉప్పు పండించినవాళ్ళు, ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశారు. మోసేవాళ్ళని ఊళ్ళనుంచి తెచ్చేవాడు, పని పంచేవాడు, కూలి చేతిలో పెట్టేవాడు మేస్త్రీ. నాకు ఊహ తెలియకముందే మా నాన్న రేవులో జారిన బస్తాల కింద పడి పోయాడు. అమ్మ పేరు నరసమ్మ. చిత్తడినేల అంచున, కర్రల మీద నిలబెట్టిన వెదురుతడికల ఇల్లు మాది. వానాకాలం నేల సందుల్లోంచి కింద నీళ్ళు కనబడేవి, చేపపిల్లలు కనబడేవి. అమ్మ శనగపప్పు వడలు వేసి రైలుస్టేషను వైపు అమ్ముకొచ్చేది, బర్మావాళ్ళు బయాజో అంటారే, అవి. తెల్లవారకుండా నానిన పప్పు వాసన, తడి కట్టెల పొగ, ఆమె జుట్టుకి రాసుకునే ఆముదం, తడిక బయటినుంచి బురద వాసన, ఈ నాలుగూ కలిసి నాకు నిద్రలేపులు. ఆమె మాట తక్కువ మనిషి. పప్పు రుబ్బుతున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే రోలు ఆపేది కాదు, తల మాత్రం ఊపేది. బొట్టు లేని ఆ నుదుటి మీద పిండి చుక్కలు ఉండేవి. చూసినవాళ్ళు ముందు బొట్టనుకుని, తరవాత చూపు తిప్పుకునేవారు. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తే.

అప్పట్లో దుకాణాలన్నీ సర్కారు తీసేసుకుంది. లత అనే పేటలో పెద్ద పెద్ద కొట్లు పెట్టుకున్న మన షావుకార్లు పెట్టెలు సర్దుకుని ఓడలెక్కారు. రేవులో పనులు చేతులు మారాయి, మేస్త్రీల పెత్తనం పోయింది, మోసేవాళ్ళకి మోత పోయింది. ఓడ టిక్కెట్టుకి స్తోమతు లేనివాళ్ళు, వెళ్ళినా అక్కడ ఎవరూ లేనివాళ్ళు మిగిలారు. మగవాళ్ళు పగలంతా గుడి అరుగు మీద పులిజూదం ఆడుతూ కూర్చునేవారు. ఆడవాళ్ళు బజారుకెళ్ళి, కూరలవాళ్ళు కట్టలు కట్టాక కోసి పారేసిన తూటికాడల మొదళ్ళు ఏరుకొచ్చేవారు. లేతవి వండేవారు, ముదురువి ఇంటి వెనక బురదలో విసిరేసేవారు. ఆ విసిరినవే వేళ్ళు తొడిగి పాకడం మొదలుపెట్టాయి. చెరువు కట్టి కూర పండిద్దామన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో నాకు తెలీదు. అది కూడా మా అమ్మదేనని చెప్పను. అబద్ధం ఆడవలసిన అవసరం నాకు లేదు, నిజాలే చాలినన్ని ఉన్నాయి.

ఆ చిత్తడి ఊ తైన్ అనే ముసలాయనది. ఆయన అద్దె అడగలేదు. "మన్ను తవ్వుకోండి, ఆకు కోసుకోండి, చేప మాత్రం నాది" అన్నాడు. నేల అలా దొరికింది. నాట్లకి బజారులో పారేసిన కాడలు ఉన్నాయి. చేతులు బోలెడు ఖాళీగా ఉన్నాయి. తవ్వే చేతులకి తిండే లేదు. మేస్త్రీ మావ, నేను పోలినాయుణ్ణి అలాగే పిలిచేదాన్ని, లతలో కొట్టు మూసుకుంటున్న షావుకారు దగ్గరికి అప్పుకి వెళ్ళి, ఉత్త చేతులతో వచ్చి, మా వాకిట్లో ఆయన గొంతు పెట్టి అందరికీ ఆడి చూపించాడు: "నీళ్ళకి పొలిమేరేటిరా పోలినాయుడూ? ములిగిపోయిన బూమ్మీద అప్పిస్తే నానూ ములిగిపోతాను!" అందరూ నవ్వారు.

అప్పుడు కుదిరింది గుప్పెడు బియ్యం ఏర్పాటు. ప్రతి ఇంట్లోనూ పూట పూటా బియ్యం కడిగేముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టాలి. అందరి గుప్పెళ్ళూ ఒక కుండలో చేరాలి. తవ్వే రోజున ఆ బియ్యం గంజి కాచి తవ్వేవాళ్ళకి పోయాలి. గుప్పెడు వేసిన ప్రతి ఇంటికీ చెరువులో ఒక పాయ, కూర కోసుకునే వాటా. మరి కుండ ఎవరింట్లో ఉండాలి? మేస్త్రీ పెళ్ళాం గౌరమ్మే తేల్చింది. "మొగోడున్న ఇంట్లో ఎడితే సందేలకి సారాయి కుండయిపోద్ది. నరసమ్మింట్లో ఎడదాం. ఆలింట్లో తాగీవోడు నేడు." అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. ఉత్త కుండ గడప దాటి లోపలికి రాకూడదంటారు కదా, గౌరమ్మే అమ్మ చెయ్యి పట్టుకుని, "నీ ఇంట్లో కుండ, నీ గుప్పెడే ముందు పడాల, ఎయ్యి" అంది. అమ్మ వేసింది. నేను చూశాను. కుండ అడుగున బియ్యం పడ్డ చప్పుడు కూడా విన్నాను.

ఆ రోజునుంచి మా ఇంట్లో గంజి పలచనైంది. గుప్పెడంటే ఎంత అని మీరనుకోవచ్చు. మేమిద్దరం తినేది ఎంతో చెబితే తెలుస్తుంది, కానీ చెప్పను, ఆ లేమిని ఇప్పుడు ముందేసుకుని కూర్చోవడం అమ్మకి గిట్టేది కాదు. తవ్వే రోజున మాత్రం మాకూ కడుపు నిండేది. ఆడవాళ్ళు తట్టలతో వరస కట్టి బురద అందించుకునేవారు. జలగలు పట్టకుండా కాళ్ళకి పొగాకు నీళ్ళూ సున్నమూ కలిపి పులుముకునేవారు. ఆ ఘాటుకి నాకు తుమ్ములొచ్చేవి. గంజి మా వాకిట్లోనే కాగేది. పది రకాల బియ్యం ఒకే డేగిసాలో పడితే ఎలా ఉంటుందో ఇప్పటివాళ్ళకి తెలియదు. రేషను బియ్యం చితికిపోయేవి, ఎవరింటివో నూకలు అడుగంటేవి, ఇంకెవరివో పాతబియ్యం పళ్ళకి గట్టిగా తగిలేవి. కాల్చిన ఙపిలో పచ్చిమిరపకాయ నలిపి నంజుకుంటూ, "ఇది గౌరమ్మొదిన బియ్యం, మొగుడిలాగే ఉడకదు" అని ఎవరో అనేవారు. "ఉడికినోడు నీ మొగుడు, నీళ్ళయిపోనాడు" అని గౌరమ్మ తిప్పికొట్టేది. బురద కాళ్ళతో గట్టు మీద కూర్చుని అందరూ అలా తిన్నారు. ఆ గట్టు షావుకారి అప్పుతో లేవలేదు, మేస్త్రీ జేబులోంచీ లేవలేదు. ఆ గంజితో లేచింది. ఇది రాయి మీద ఎందుకు చెక్కరని నేనడుగుతున్నాను.

ఇక తూము సంగతి. గట్టు అడుగునుంచి నీళ్ళు రావడానికీ పోవడానికీ తాటిమాను తొలిచి తూము చేసి, ఒక చివర చెక్క పలక వేలాడదీస్తారు. నీళ్ళు ఒక వైపునుంచి తోస్తే పలక తెరుచుకుంటుంది, రెండో వైపునుంచి తోస్తే మూసుకుంటుంది. ఉప్పుమళ్ళలో పలక ఎప్పుడూ మడి వైపే ఉంటుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళు పలకని తోసుకుని మడిలోకి వస్తాయి, పాటు తీసినప్పుడు పలక పడి నీళ్ళు లోపలే ఉండిపోతాయి. ఉప్పు కావాలంటే అదే పద్ధతి. మావాళ్ళకి తరతరాలుగా చేతికి తెలిసిన తూము అదొక్కటే. మేస్త్రీ మావ గట్టు మీద నిలబడి, "మా తాత ఏసిన తూములో సముద్రమే చిక్కుకుపోయీది" అని మీసం తిప్పాడు. మా అమ్మతో సహా ఎవరికీ అనుమానం రాలేదు. మా ఊరివాళ్ళ తూము, మా ఊరివాళ్ళ గట్టు, పరాయి దేశంలో మాదంటూ ఒకటి లేచిందని అందరూ మురిశారు. అమ్మవారికి కోడిని కోశారు. పలక చెరువు వైపు పెట్టారు.

వానలు వెనకపడ్డాక నాట్లు పడ్డాయి. పోటుకాలువలో అప్పుడు నీళ్ళు తియ్యగానే ఉంటాయి, పైనుంచి వాననీరు దిగుతూ ఉంటుంది కనుక. చెరువు పచ్చగా అల్లుకుపోయింది. మొదటి కట్టలు బజారుకెళ్ళిన రోజున అమ్మ నా జడకి రిబ్బను కొంది. చలి వెళ్ళి ఎండలు ముదిరాక, పైనుంచి దిగే నీరు తగ్గి, పోటుతో పాటు సముద్రం ఉప్పు కాలువలోకి ఎగదన్నింది. మా తూము దాన్ని మర్యాదగా లోపలికి పిలిచి, తలుపు మూసి, కూర్చోబెట్టింది. పోటు పోటుకీ. ఉప్పు తిని పెరిగిన నాలుకలకి ఆ పాటి ఉప్పు తెలియలేదు. ఆకుల అంచులు ముందు గోధుమరంగుకి తిరిగాయి, తరవాత కాడలు పట్టుకుంటే చేతిలో జావలా జారిపోయాయి. చెరువంతా కుళ్ళు వాసన. మా ఇల్లు గట్టు పక్కనే, ఆ వాసనలోనే తిన్నాం, పడుకున్నాం.

గుడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. గౌరమ్మకి అమ్మవారు పూనింది. అమ్మవారు ఎప్పుడూ మేస్త్రీ ఇంట్లోనే ఎందుకు పూనుతుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. జుట్టు విరబోసుకుని, వేపకొమ్మలు పట్టుకుని ఊగుతూ, "బొట్టునేని సెయ్యి ముందు పడ్డాది! నా సెరువులో బొట్టునేని సెయ్యి!" అని అరిచింది. అందరూ మా అమ్మ వైపు చూశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. తాగేవాడు లేడని కుండ మా ఇంట్లో పెట్టినప్పుడు పనికొచ్చిన వైధవ్యం పైరు పోయేసరికి పాపమైంది. ఆ చెయ్యి పట్టుకుని "ఎయ్యి" అన్నది ఎవరో అక్కడున్న ఒక్కరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న గౌరమ్మ ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని, ఇంటింటా పోగుచేసిన బియ్యం చేటలో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "నరసమ్మా, నీ బియ్యం నువ్వు తీసుకో. సెరువులో నీ బియ్యం ఉండకూడదంట. అమ్మోరి మాట, నా మాట కాదు."

అమ్మ పప్పు రుబ్బుతోంది. జీవితంలో మొదటిసారి రోలు ఆపింది. లేచి వచ్చి చేటలోకి చూసింది. రేషను బియ్యం, నూకలు, పాతబియ్యం, అన్నీ కలిసి ఉన్నాయి.

"ఇందులో నాది ఏటి వదినా?"

"ఏటంటే? నువ్వేసింది నీదే."

"ఏరి ఇయ్యి."

"ఏటి?"

"నాను ఏసిన గింజలు ఏరి ఇయ్యి. పక్కోల్ల గింజ ఒక్కటి ఒద్దు నాకు."

వెంట వచ్చినవాళ్ళలో ఒకావిడ, "ఒగ్గేయే, ఎంతో కొంత తీసుకో" అంది. అమ్మ చెరువు వైపు చెయ్యి చూపించింది. "నా బియ్యం మీరందరూ తిన్నారు. తిని తవ్వినారు. నా బియ్యం గట్టయిపోనాది. గట్టు తవ్వి తెచ్చి నా వాకిట్లో పొయ్యండి, తీసుకుంటాను."

గౌరమ్మ చేట బోర్లించి వెళ్ళిపోయింది. బియ్యం వాకిలంతా చెదిరాయి. మా అమ్మ వాటిని తుడవలేదు, ఎత్తలేదు, నన్ను తాకనివ్వలేదు. ఇంట్లో ఆ పూటకి బియ్యం లేవు. నేను మెట్ల మీద కూర్చుని, పొరుగింటి బాతులు వచ్చి ఆ గింజల్ని టకటకా ఏరుకుని తినడం చూశాను. ఆ రోజు నాకు గౌరమ్మ మీద కంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆకలేస్తున్న పిల్ల ముందు బాతులకి అన్నం పెట్టిన తల్లి. అది కోపం కాదని, నేను ఆమె కూతుర్నే అవుతున్నానని తరవాత తెలిసింది.

ఆ తరవాత వారం తిరక్కుండా మేస్త్రీ మావ ఇద్దరు మగవాళ్ళతో వచ్చి, కాలువ వైపు గట్టులో ఇంకో చోట తవ్వడం మా ఇంట్లోంచి చూశాం. కొత్త తూము దించారు. దాని పలక కాలువ వైపుంది. పాత తూముకి అటూ ఇటూ బంకమట్టి కూరి, గట్టులోనే కప్పెట్టేశారు. ఉప్పుమళ్ళవాడు కాబట్టే ఆయనకి చివరికి తెలిసింది, ఎండకి ఇంకిన మూల నేల మీద తెల్లటి పొర కట్టడం చూసి. అమ్మ గట్టెక్కి అడిగింది. "ఏటన్నా, తూము మారుత్తన్నారు?"

ఆయన తలెత్తలేదు. "పాతది పుచ్చిపోనాది."

"మొన్న ఏసిందే, అప్పుడే పుచ్చిపోనాదా?"

"పుచ్చిపోనాదన్నాను గదేటి. ఎల్లు."

అంతే. శాంతి చేశారు, ఇంకో కోడిని కోశారు, కొత్త తూము ఉప్పుని బయటే ఆపింది, చెరువు నిలిచింది, పేరు అమ్మవారికి వచ్చింది. మా అమ్మకి పాయ ఇవ్వలేదు. గట్టు మీద కూర్చుని కోసిన కూర కట్టలు కట్టే పని ఇచ్చారు, అదీ దయ తలిచినట్టు. నీళ్ళల్లో కాలు పెట్టనివ్వలేదు. చచ్చిపోయేదాకా ఆమె ఆ గట్టు మీదే కూర్చుని వెదురుపేళ్ళతో కట్టలు కట్టింది. ఒక్కసారి కూడా ఆ చెరువు నీళ్ళల్లో చెయ్యి కడుక్కోలేదు, పంపు దాకా నడిచి వెళ్ళి కడుక్కునేది. కుండని మాత్రం వాళ్ళు తీసుకెళ్ళడం మరిచారు. అమ్మ పూట పూటా ఒక గుప్పెడు అందులో వేస్తూనే ఉండేది. నిండితే వాకిట్లోకి వచ్చిన ముష్టివాడికి పోసేసి, మళ్ళీ మొదలుపెట్టేది. ఎవరి కోసమే అని అడిగితే తల ఊపేది.

ఇప్పుడు చెరువు పూడుస్తున్నారని తెలిసిన రోజునుంచి, ఆ రాతిపలక సభ తరవాత కూడా, నేను రోజూ గొడుగూ ప్లాస్టిక్ స్టూలూ పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. గట్టు తవ్వి నా వాకిట్లో పొయ్యమంది కదా అమ్మ. తవ్వేదాకా చూద్దామనుకున్నాను. అటువైపు వచ్చినప్పుడు సూరి, "ఏటుంది అత్తా ఇక్కడ సూడ్డానికి? దుమ్ము, దగ్గొస్తాది, ఇంటికెల్లు" అనేవాడు. ఎవరి బియ్యంతో లేచిన గట్టు మీద నిలబడి ఎవరికి చెబుతున్నాడో అతనికి తెలీదు. వాడు పుట్టిన ఇల్లు ఆ చెరువు రాబడి మీద లేచింది. ఇప్పుడు అందులో ఎయిర్‌కండిషనర్ ఉంది, కరెంటు ఉన్న పూట.

ఒక మధ్యాహ్నం యంత్రం కాలువ వైపు గట్టుని కొరికింది. మట్టిలోంచి నల్లగా ఒక మాను తల బయటపడింది. డ్రైవరు బర్మా కుర్రాడు, ఆపాడు. కాలువ వైపు సగం విరిగింది, చెరువు వైపు సగం విరగకుండా బయటికి తేలింది, పలకతో సహా. పలక చెరువు వైపుంది. నేను స్టూలు మీదనుంచి లేచి అక్కడే ఉన్న సూరి మోచెయ్యి పట్టుకున్నాను.

"సూడు. పలక ఎటుంది?"

"ఎవలిదో పాత మొద్దు అత్తా."

"పలక ఎటుందిరా?"

సూరి చూశాడు. ఉప్పుమళ్ళ రక్తమే కదా, ఎంత ఎయిర్‌కండిషనర్‌లో పెరిగినా. అతని మొహంలో అర్థమవడం నేను చూశాను. తరవాత అతను ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటు నడిచాడు. నేను గొడుగు కర్రతో ఆ మాను మీద కొట్టాను. టంగుమంది. ఇన్నేళ్ళు బురదలో ఉండి కూడా పుచ్చలేదు. పుచ్చిపోయిందన్న మేస్త్రీ మాట మాత్రం ఆ ఏడే పుచ్చింది, కానీ మనుషులు దాన్ని ఇప్పటిదాకా గుళ్ళో పెట్టి పూజిస్తున్నారు. డ్రైవరుకి టీకి ఇచ్చి ఆ సగం మొద్దుని బయటికి లాగించాను, సైకిల్‌రిక్షా మీద అడ్డంగా కట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. రిక్షా అతను, "దీంతో ఏం చేస్తారు అమ్మా, దేవుణ్ణి చెక్కుతారా?" అన్నాడు. దేవుళ్ళు చాలామంది ఉన్నారు నాయనా, చెక్కడం అయిపోయింది అన్నాను.

మొన్న సూరి వచ్చాడు. అమ్మవారి సంబరానికి ఇంటింటికీ వెళ్ళి బియ్యం పోగుచేస్తారు, అన్నదానానికి. ఆ గుప్పెడు ఏర్పాటే ఇప్పుడు ప్లాస్టిక్ సంచీ పట్టుకుని తిరుగుతోంది. నేను ఏ ఏడూ వేయలేదు. ఎప్పుడూ ఎవరినో పంపేవారు, నేను తలుపు మూసేదాన్ని. ఈసారి కమిటీ పెద్దే స్వయంగా వచ్చాడు, కూడా ఎవరూ లేకుండా. మెట్ల కింద మొద్దు దాటే వచ్చి ఉండాలి, దాటకుండా మా ఇంటికి దారి లేదు.

"అత్తా, రాతి మీద ఆ అపచారం ముక్క తీయించేత్తాను. ఇంక ఒగ్గేయ్."

"తీస్తే ఏటవుద్ది? నోళ్ళల్లో ఉన్నదో?"

"మరేటి సెయ్యమంటావు?"

"ఏం జరిగిందో సెప్పు."

అతను మెట్ల కిందికి ఓసారి చూశాడు. డా తాన్ గిన్నెలు తోముతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు తగ్గించి, "మా తాత తూము తిరగేసి ఎట్టినాడు. నరసమ్మ అమ్మమ్మ తప్పేటీ నేదు" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎంతకాలం కూర్చున్నానో నాకు తెలుసు. విన్నాక తలుపు పట్టుకున్నాను. అమ్మ ఉంటే తల ఊపేది, రోలు ఆపకుండా. నేను మా అమ్మంత మంచిదాన్ని కాదు.

"గట్టిగా సెప్పు" అన్నాను.

"సెప్పాను గదా అత్తా."

"నాకు సెప్పావు. నాకు ముందే తెలుసు. మీ నాయనమ్మ గుడి ముందల అరిసింది, అందరూ విన్నారు. నువ్వు నా గుమ్మంలో గుసగుసలాడతన్నావు."

సూరి సంచీ ముందుకు చాపాడు, మాట మారుద్దామని. "బియ్యం ఎయ్యి అత్తా. అమ్మోరికి."

నేను లోపలికెళ్ళి కుండ ఎత్తుకొచ్చాను. అమ్మ పోయాక గుప్పెడు వేసేది నేనే, పూట తప్పలేదు. కుండ అంచుల దాకా ఉంది. ఒక్క రకం బియ్యం, అన్నీ మా ఇంటివే, కావాలంటే ఎవరైనా ఏరి చూసుకోవచ్చు. అతను చూశాడు, సంచీ నోరు ఇంకా వెడల్పు చేశాడు. నేను కుండని గుమ్మం లోపలే, నా కాళ్ళ దగ్గర దించాను.

"సంబరం రోజున మైకు ఆగకుండా ఉంటే, ఆ మైకులో ఆ మాట సెప్పు. ఆ మొద్దు తీసుకెల్లి రాయి పక్కన నిలబెట్టు. అప్పుడు మొత్తం పోసేస్తాను. నేదంటే ఉప్పుడు దిగెళ్ళు. దిగేటప్పుడు జాగర్త, మొద్దు కాళ్ళకి తగుల్తాది."